ఎనిమిది గంటల తర్వాతి పేరు

పుప్పాలగూడ దగ్గరి రెడీమిక్స్ ప్లాంటులో నేను ట్రిప్ షీట్లు రాసేదాన్ని. ఏ లారీ ఎన్నింటికి కాంక్రీటు నింపుకుంది, ఎక్కడికి వెళ్లింది, నడిపిందెవరు, ఇంతే పని. కొత్తగూడ, నల్లగండ్ల వైపు లేస్తున్న అపార్టుమెంట్లకు మా బండ్లే తిరిగేవి.

డ్రైవరుతో రోజుకు ఎనిమిది గంటలకు మించి బండి నడిపించకూడదని చట్టం. ఆ సంగతి అట్టమీద రాసి మా గోడకు వేలాడదీశాం కూడా. కానీ స్లాబ్ పోయడం మొదలైతే మధ్యలో ఆపరు. లారీలో కాంక్రీటు పొయ్యిమీది పాలలాంటిది, వదిలేసి కునుకు తీయడానికి లేదు. అందుకని మాకో పద్ధతి ఉండేది. ఎనిమిది గంటలు కాగానే, సెలవు మీద ఊరెళ్లిన డ్రైవరు పేరు షీటులో ఎక్కించేవాళ్లం. బండీ అదే, మనిషీ అతనే, పేరు మాత్రం మారేది. అందరూ చేసేదే కదా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి, ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కాడు. ముందు రోజూ అంతే. మధ్యాహ్నం పన్నెండయింది, నల్లగండ్లలో స్లాబ్ ఇంకా సగంలోనే ఉంది. నా కిటికీ దగ్గరికొచ్చి నీళ్లడిగి, సగం తాగి, సగం ముఖాన కొట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇగ నాతోని అయితలేదు అక్కా. జర వేరేటోన్ని ఎక్కియ్యరాదు?"

"ఎవలున్నరు తమ్మీ? నీ బామ్మర్ది గూడ పత్తి ఏరనీకె ఊరికి పాయె. ఇంకో రెండు ట్రిప్పులే గద."

"సరే, వాని పేరే రాయి" అని నవ్వి వెళ్లాడు.

రాశాను. సాయంత్రం నాలుగింటికి, నల్లగండ్ల మలుపులో లారీ తిరగకుండా నేరుగా వెళ్లి గోడను గుద్దుకుంది. బ్రేకు వేసిన ఆనవాలే లేదన్నారు. లోపల ఉన్నది అతనొక్కడే. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆ కబురు వినగానే నాకు మనిషి కంటే ముందు షీటు గుర్తొచ్చింది.

అయిదో రోజు అతని భార్య, మా దగ్గరే డ్రైవరుగా ఉన్న తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. పనిలో ఉండగా చనిపోయాడని ప్లాంటు వాళ్లు రాసిస్తే తప్ప పరిహారం రాదు, ఆమెకూ ఇద్దరు పిల్లలకూ వేరే ఆధారమూ లేదు. మేనేజరు నా షీటు ఆమె ముందు పెట్టాడు.

"మీ ఆయన డ్యూటీ పన్నెండింటికే అయిపోయిందండి. తర్వాత బండి మీ తమ్ముడిది. మీ ఆయన చెప్పకుండా ఎందుకెక్కాడో మాకేం తెలుసండి?"

"నేను ఊళ్లె ఉన్న సార్, బండి నేనెట్ల నడుపుత?" అన్నాడు తమ్ముడు.

మేనేజరు నా వైపు చూశాడు. నోరు మూసుకోమని ఆ చూపుకు అర్థం. అన్నాళ్లూ మూసుకునే ఉన్నాను. కానీ ఆమె, చదవడం రాకపోయినా, తమ్ముడి పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ వరుస మీద వేలు పెట్టి అలాగే కూర్చుంటే ఉండలేకపోయాను.

"ఆ పేరు నేనే రాసిన చెల్లె. పొద్దుగాల నుంచి ఆఖరుదాంక బండి నడిపింది మీ ఆయననే. ఎక్కడ చెప్పమంటె అక్కడ చెప్త."

మేనేజరు ఏదో అరిచాడు. ఆమె అటు చూడలేదు. ఒక మంచిమాట అంటుందేమోనని, సిగ్గులేకుండా, లోపలెక్కడో ఆశపడ్డాను. ఆమె వేలు షీటు మీద నుంచి తీయలేదు.

"పన్నెండింటికే పేరు మార్చినవంటె, ఆయన గంటలు అయిపోయినయని నీకు ఎరుకనే గదా అక్కా?"

అతని గంటలు నిమిషంతో సహా లెక్కపెట్టింది నేనే.