చెప్పి మందిచ్చే వరమ్మ

వరమ్మకు కుడిచెవి సరిగా వినపడదు. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు కొల్లేటి చలిజ్వరం పట్టుకుంటే ఎవరో పుణ్యాత్ముడు ఏలూరు నుంచి క్వినైను బిళ్ళలు తెచ్చి, తగ్గేదాకా మింగించమని ఆమె తల్లికిచ్చాడు. ఎన్ని మింగాలో చెప్పలేదు. చెవులు గుయ్యిమంటే ఆపాలనీ చెప్పలేదు. జ్వరం తగ్గింది. ఎడమచెవిలో హోరు వారానికి పోయింది, కుడిచెవిలో మాత్రం కాపురం పెట్టింది. ఎవరైనా ఆ పక్కనుంచి పలకరిస్తే, "ఇటు రండి, అటు కొల్లేరు మాట్లాడుతోంది" అంటుంది వరమ్మ.

ఆ తర్వాత ఆమె మిషను ఆసుపత్రిలో రెండేళ్ళు నర్సు పని నేర్చుకుంది. బడిపంతులు ఇమ్మానుయేలును పెళ్ళాడి కొర్లలంకకు వచ్చింది. ఊళ్ళో డిస్పెన్సరీ ఉంది. అందులో ఆమె పేరుకు నర్సు. కాంపౌండరు బదిలీ అయి పోయాక ఆ పని కూడా ఆమె మీదే పడింది. ఇది వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్ఫైనాలుగు నాటి మాట.

సీసా మీద మోతాదుకో గీత చొప్పున కాగితం అంటించి రోగి చేతిలో పెట్టేటప్పుడు, ఆ మందు చేసే మేలుతో పాటు చేసే అల్లరి కూడా చెప్పడం ఆమెకు అలవాటు. క్వినైనుకు చెవులు హోరెత్తుతాయి, తల తిరుగుతుంది, మాట వినపడనంతగా ఉంటే మానేసి రమ్మనేది. రక్తం చాలని ఆడవాళ్ళకు ఇనుము మందిస్తూ, విరేచనం నల్లగా అవుతుంది, హడలిపోవద్దని చెప్పేది. దగ్గుమందులో నల్లమందు కలిసింది కాబట్టి పసివాళ్ళ నోట్లో పొయ్యొద్దని రెండుసార్లు చెప్పి, మూడోసారి వాళ్ళచేత చెప్పించుకునేది.

డాక్టరు గంగాధరరావుగారికి ఇది గిట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరాల రోజుల్లో మోకాలి లోతు బురదలో లంకలన్నీ తిరిగే మనిషి. ఆయన బాధ ఆయనది. నాగూర్ అనే పడవవాడు చెవులు హోరెత్తుతాయన్న మాట విని, హోరెత్తిన చెవులతో పడవెలా నడపాలని మందంతా కాలవలో పోశాడు. పదిరోజులకు జ్వరం తిరగబెట్టి చావుదాకా పోయి వచ్చాడు. అప్పుడు డాక్టరుగారు వరమ్మను పిలిచి, మందివ్వడం వరకే నీ పని, భయపెట్టడం కాదన్నారు. ఇంకోసారి ఇలా జరిగితే పైకి రాస్తానన్నారు. నాగూర్ మంచంలో మూలుగుతుంటే వరమ్మకు ఎదురు మాట్లాడే మొహం లేకపోయింది.

అలా నోరు కట్టుకున్న వారంలోనే కరణంగారి కూతురు మాణిక్యానికి ఏలికపాముల మందివ్వాల్సి వచ్చింది. అయిదేళ్ళ పిల్ల. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలైపోయాయి. శనివారం సాయంత్రం డాక్టరుగారు పిల్లను తూచి, శాంటోనిన్ పొడి ఒక గ్రెయిను ఎత్తు పొట్లం కట్టించారు. రాత్రికి పొడి, తెల్లవారుజామున ఆముదం. ఆ పొడి పుచ్చుకుంటే ఒక పూటో, ఒక రోజో చూసినదల్లా పసుపుపచ్చగా కనిపిస్తుందని వరమ్మకు తెలుసు. పిల్ల తల్లి జ్ఞానప్రసూనాంబ పొట్లం అందుకుని, ఇంకేమైనా ఉందా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. వరమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగి, ఏమీ లేదన్నట్టు తలూపింది. డాక్టరుగారు ఏలూరు పడవెక్కారు. సోమవారం గాని తిరిగి రారు.

ఆదివారం పొద్దున్నే పిల్లకు రెండు ఏలికపాములు పడ్డాయి. ఆ తర్వాత పాలు తాగమంటే, పాలల్లో పసుపు వేశారని ఏడ్చింది. గోడకు పసుపు ఎవరు పూశారని అడిగింది. నాయనమ్మ కనకమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసింది. కామెర్లవాడి కళ్ళకు లోకమంతా పచ్చగా కనపడుతుందన్న మాట ఆ ఇంట్లో ఎవరికి తెలియదు? కరణంగారు శిస్తు లెక్కల జమాబందీ పని మీద ఊళ్ళో లేరు. కనకమ్మే కబురు పెట్టి, కామెర్లకు వాతలు వేసే గురవయ్యను పిలిపించింది. ఆ వాతలకు ఆదివారమే మంచిది, పొద్దు గుంకేలోగా పడాలి. ముంజేతి మీద రెండు, పొట్ట మీద ఒకటి.

చర్చిలో ప్రార్థన మధ్యలో వరమ్మకు ఈ సంగతి తెలిసింది. పది నెలల కొడుకును అత్త దానమ్మ ఒళ్ళో పడేసి, చెప్పులు కూడా లేకుండా వెళ్ళింది. కరణంగారి వాకిట్లో కుంపటి రాజుకుంటోంది. ఆమె అరుగు కింద నిలబడి, అది కామెర్లు కాదు, తాము ఇచ్చిన పొడి చేసే పని అని చెప్పింది.

"కామెర్లవాడికి లోకం పచ్చగా కనపడుతుందని మా తాతల నాటి నుంచీ వింటున్నాం. నువ్వెప్పుడు పుట్టావే?" అంది కనకమ్మ.

"ఆ తాతగారు కామెర్లవాణ్ణి అడిగి చెప్పలేదండి, అమ్మగారూ. ఆసుపత్రిలో నలభైమంది కామెర్లవాళ్ళకు చాకిరీ చేశాను. వాళ్ళ కళ్ళు పచ్చబడ్డాయి గానీ, ఒక్కరికీ గోడ పచ్చగా కనపడలేదు. మన పిల్ల కళ్ళు చూడండి, ఎంత తెల్లగా ఉన్నాయో."

"కళ్ళకెక్కేదాకా ఆగమంటావా? మందు చేసే పనే అయితే నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

వరమ్మ డాక్టరుగారి పేరు ఎత్తలేదు. "చెప్పాల్సిందండి. చెప్పలేదు. తప్పు నాది," అంది. "ఆ తప్పుకు పిల్ల ఒళ్ళు కాల్చనివ్వను. అది మందు పనేనని మీ కళ్ళముందే చూపిస్తాను."

కాల్చనివ్వడానికీ కాల్చనివ్వకపోవడానికీ నువ్వెవరివన్నట్టు చూసింది కనకమ్మ. గురవయ్య మాత్రం కడ్డీ కుంపట్లో పెడుతూ, ఏదో చూపిస్తానంటోందిగా, చూపించనివ్వండి అన్నాడు.

ఆసుపత్రి ప్రయోగశాలలో ఒక పరీక్ష వరమ్మ కళ్ళారా చూసింది. ఈ పొడి పుచ్చుకున్నవారి మూత్రం పచ్చగా ఉంటుంది. అందులో క్షారం కలిపితే ఎర్రబడుతుంది. సున్నం క్షారమే. ఆ సంగతి చెప్పి, పిల్ల మూత్రమూ కాస్త సున్నమూ ఇప్పించమంది. కనకమ్మ వద్దనేలోగా జ్ఞానప్రసూనాంబ లోపలికి వెళ్ళి, పిల్ల మూత్రం పట్టిన కొబ్బరి చిప్పా, భర్త తాంబూలం డబ్బీలోని సున్నమూ తెచ్చి అరుగు అంచున పెట్టింది. వరమ్మ గోటితో సున్నం తీసి కలిపింది. చిప్పలో ఎరుపు తిరిగింది.

కనకమ్మ నవ్వింది. "పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు రాదుటే? దిష్టినీళ్ళు కలిపి కలిపి అరిగిపోయిన చేతులివి. పిల్ల ఒంట్లో పసుపు పొంగిందని నువ్వే చూపించావు. కానియ్యి గురవయ్యా."

తర్కంలో ముసలమ్మ ఎక్కడా తప్పలేదు. ఎరుపుకు ఇంకో కారణం ఉందని రుజువు కావాలంటే, కామెర్లు లేవని అందరికీ తెలిసిన ఒళ్ళు ఒకటి కావాలి. అలాంటిది వరమ్మకు దగ్గరలో ఒక్కటే ఉంది.

డిస్పెన్సరీ తాళాలు ఆమె కొంగునే ఉన్నాయి. వెళ్ళి పెద్దవాళ్ళ మోతాదు, మూడు గ్రెయిన్ల పొట్లం తెచ్చింది. ముందు గొడ్లసావిడి చాటుకు వెళ్ళి తన మూత్రం వేరే చిప్పలో పట్టి తెచ్చి, అందరి ముందూ సున్నం కలిపింది. రంగు మారలేదు. ఆ తర్వాత పొడి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"పొద్దు గుంకేలోగా నాకూ ఎర్రబడకపోతే మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి," అంది. "అందాకా పిల్లమీద చెయ్యి పడకూడదు."

గురవయ్య ఆకాశం వంక చూసి, చాలా పొద్దుందన్నాడు. కనకమ్మ ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. వరమ్మ ఎండలో మెట్టు మీద కూర్చుంది.

ఒక గంట గడిచింది. ఏమీ కాలేదు. పొద్దున తిన్న చద్దన్నం మందును అడ్డుకుంటోందేమో, పొడి పాతదేమోనని ఆమె లోపల లెక్కలు వేసుకుంటోంది. పిల్లవాడికి పాలిచ్చే వేళ దాటింది. రవిక తడుస్తోంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడని దానమ్మ కబురు పంపింది. ఒంట్లోకి పోయిన మందు పాలల్లోకి ఎంత దిగుతుందో ఆమెకు ఎవరూ నేర్పలేదు. గంజి కాచి పట్టమని, ఈ పూట తాను ఇవ్వలేనని చెప్పి పంపింది. చెప్పిన తర్వాత మాత్రం మోకాళ్ళ మీద మొహం పెట్టుకుంది.

రెండో గంట దాటుతుండగా గురవయ్య తలపాగా నిమ్మపండు రంగు తిరిగింది. ఆ పైన సున్నం కొట్టిన గోడ. ఆ పైన చెరువుగట్టున వాలిన కొంగల బారు, పసుపునీళ్ళలో ముంచి తీసినట్టు. ఆమె లేచింది. సావిడి చాటుకు వెళ్ళి వచ్చి, మరో చిప్ప అరుగు మీద, కనకమ్మ కాళ్ళకు దగ్గరగా పెట్టి సున్నం వేసింది. ఎరుపు అడుగునుంచి పైకి లేచింది.

వరమ్మ గురవయ్య ముందుకు చెయ్యి చాపింది.

"నాకూ లోకమంతా పచ్చగానే ఉందండి, గురవయ్యగారూ. ముందు నాకు వెయ్యండి వాత. నాకు వేశాక పిల్లకు వేద్దురుగాని."

గురవయ్య ఆమె చేతినీ, చిప్పనూ చూశాడు. లేచి అరుగు దగ్గరకు వెళ్ళి మాణిక్యం కంటి రెప్ప కిందకు లాగి, గోళ్ళు వెలుతురుకు పెట్టి చూశాడు. ఇవాళ దీనికి వాత పడదండి, అమ్మగారూ, అని కడ్డీ తీసి బూడిదలో గుచ్చాడు.

కనకమ్మ ఓడిపోయిన మనిషిలా లేదు. ఆ మెట్టు పేడనీళ్ళతో కడిగించి, పైన పసుపునీళ్ళు చల్లించమంది.

"చల్లించుకోండి, అమ్మగారూ. నాకు ఇవాళ తేడా తెలియదు," అని వరమ్మ ఇంటిదారి పట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి గాని ఇంటి గోడ తెల్లబడలేదు. అప్పటిదాకా పాలు పిండి పారబోసింది. తెల్లగోడను రెండుసార్లు చూసి, కొడుకును ఒళ్ళోకి తీసుకుంది. ఆ తర్వాతే డిస్పెన్సరీకి వెళ్ళి, ఇంకెవరి నోటా వినకముందే డాక్టరుగారికి అంతా చెప్పింది. ఒక పొట్లం వాడుకున్నానని పుస్తకంలో రాసింది.

పాలిచ్చే తల్లివి, ఆ పొడి ఎలా మింగావని ఆయన కేకలేశారు. అందులో ఆయన తప్పు లేదని వరమ్మకూ తెలుసు. ఆయన ఊపిరి తీసుకునే దాకా ఆగింది.

"నిన్న మొన్నటిదాకా మీరు చెప్పొద్దన్నారు, చెప్పలేదండి. ఇకనుంచి చెప్పే ఇస్తాను. పైకి రాయాలంటే రాయండి, ఉద్యోగం తీసెయ్యాలంటే తీసెయ్యండి."

"నాగూర్ సంగతి మరిచిపోయావా?"

"లేదండి. హోరు వస్తుందని చెప్పాను గాని, అది తగ్గిపోతుందనీ, మందు మానితే ప్రాణం మీదికొస్తుందనీ గట్టిగా చెప్పలేదు. తక్కువ చెప్పాను. ఈసారి ఎక్కువ చెప్తాను."

ఆయన రాయలేదు. సరేననీ అనలేదు. చీటీలు రాసుకుంటూ వారం గడిపారు.

ఆ పైవారం మాణిక్యానికి రెండో విడత పొడి వెయ్యాలి. కనకమ్మ వద్దంటుంటే జ్ఞానప్రసూనాంబ పిల్లను చంకనెత్తుకుని తనే డిస్పెన్సరీకి నడిచి వచ్చింది. ఆ ఇంటి కోడలు వీధిలో నడవడం ఊరికి కొత్త. చీటీ రాయించుకుని మందుల కిటికీ దగ్గరకు వచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళందరూ వినేలాగే అడిగింది.

"వరమ్మా, ఈ మందు ఏమేం చేస్తుందో అంతా చెప్పు. పోయినసారిలా దాచొద్దు."

లోపలి గదిలో డాక్టరుగారి కలం ఆగింది. తలుపు తీసే ఉంది. వరమ్మ పొట్లం మడత వేస్తూ, ఆ గదిలోకి కూడా అందేలా గొంతు పెంచి మొదలుపెట్టింది. రేపు పొద్దున్నుంచి పిల్లకు అన్నీ పసుపుపచ్చగా కనపడతాయి, ముందే పిల్లకు కూడా చెప్పి పెట్టండి, ఎల్లుండికి పోతుంది. వాంతులు ఆగకపోయినా, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా ఏ వేళైనా సరే నా దగ్గరకు ఎత్తుకురండి.