ఖలందర్ బాషా చూడని గర్నాతా

సౌదీలోని ఖతీఫ్ ఊళ్ళో, చేపల మార్కెట్ వెనక వీధిలో ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది. అందులో పదకొండేళ్లుగా టిక్కెట్లు చేసేవాడు షేక్ ఖలందర్ బాషా. సొంతూరు రాయచోటి. స్పెయిన్‌లోని గర్నాతా గురించి అతన్ని కదిపారో, అయిపోయారే! మ్యాపుల్లో గ్రనడా అని ఉంటుంది లెండి, అరబ్బులకది గర్నాతా. వేసవిలో అక్కడికి వెళ్ళే సౌదీ కుటుంబాలకు హోటళ్ళు, బస్సులు అన్నీ అతనే కుదురుస్తాడు. అక్కడి అల్ హమ్రా కోటలోని మహళ్ళకు టిక్కెట్ మీద వేసిన టైము నుంచి అరగంటలోపే పోవాలంటాడు. ఖుర్తుబా, అదే కోర్డోబా ఊరి మసీదు చూసి అదే రోజు తిరిగి రావాలంటే పొద్దున్నే బయలుదేరాలంటాడు. రోండా ఊరి వంతెన మీంచి కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయంటాడు. ఇన్ని చెప్పే మనిషి అందులో ఒక్కటీ చూసిన పాపాన పోలేదు.

చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోయేది.

"మన గండికోటనన్నా సూస్తివా నువ్వు?" అని ఫోన్లో భార్య ఖాలిదా ఎత్తిపొడిచేది.

"అది యాడికీ పోదులేమ్మే," అనేవాడు.

ఈ ఏడు అదృష్టం తలుపు తట్టింది. ఇరవై నలుగురి గుంపు బయలుదేరుతుంటే, దారి చూపడానికి నువ్వే వెళ్ళమన్నాడు యజమాని. సామాన్లు చూసుకోడానికి కడప కుర్రాడు, ఆఫీసులోనే పనిచేసే సయ్యద్ అర్షద్. స్పెయిన్ వీసా వచ్చింది. సౌదీ వదిలి మళ్ళీ రావడానికి కావలసిన ఖురూజ్ ఔదా కూడా వచ్చింది. ఖలందర్ కొత్త బూట్లు కొని, నాలుగు రోజులు ఆఫీసులోనే వేసుకు తిరిగాడు.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. కస్టమర్లు పంపే పేర్ల ముందు 'షేక్' అని ఉంటే కొట్టేయాలి. సౌదీలో అది గౌరవానికి పెట్టుకునే మాట, వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఉండదు. మన రాయలసీమలో అది ఇంటిపేరు! పదకొండేళ్లుగా కొట్టేస్తున్న చెయ్యి, జాబితాలో తన పేరు రాగానే దాని ముందున్న షేక్‌నూ కొట్టేసింది.

దమ్మాం ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఆపేశారు. పాస్‌పోర్టులో షేక్ ఉంది, టిక్కెట్లో లేదు. పేరు దిద్దడం కుదరదన్నారు. కొత్తది కొందామంటే పది రోజుల దాకా సీట్లు లేవు. వీసా ఉన్నది ఎనిమిది రోజులకే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారే, అదే అయింది. ఎవరిని తిట్టుకుంటాడు పాపం!

"నేనూ పోనన్నా," అన్నాడు అర్షద్ ఏడుపు గొంతుతో.

"నోర్ముయ్. ఇంతమందిని ఎవురు సూస్తారు? పో. దారి ఫోన్లో చెప్తాలే."

చెప్పాడు కూడా. మూడో రోజు పొద్దున పదింటికి అర్షద్ కోట లోపలినుంచి ఫోన్ చేశాడు. ఖలందర్ ఖతీఫ్ ఆఫీసులో తన కుర్చీలో కళ్ళు మూసుకుని, ఏ మహలు తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ తలెత్తి పైకప్పు చూడాలో ఒక్కొక్కటే చెప్పాడు. అర్షద్ అవన్నీ గుంపుకు అరబ్బీలో చెప్పుకుంటూ నడిచాడు.

"ఇప్పుడు నీళ్ళు చిమ్మే పన్నెండు రాతి సింహాలు రావాల. వచ్చినాయా?"

"వచ్చినాయన్నా! అచ్చం నువ్వు చెప్పినట్లే ఉండాది. ఈడికి నువ్వు ఎన్నిసార్లు వచ్చినావో అడగమంటాండారు వీళ్ళు."

ఖలందర్ ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"అర్షదూ, వాళ్ళను ఫొటోలు తీసుకోమను. ఫోన్ ఆ నీళ్ళ కాడ పెట్టు."

"ఎందుకన్నా?"

"వీడియోలన్నింట్లో పాటలు పెట్టేస్తార్రా. నీళ్ళ సప్పుడు ఒక్కదాంట్లో కూడా ఇనపడదు."

అర్షద్ వంగి ఫోన్ నీళ్ళ దగ్గర పెట్టాడు. ఇక్కడ కౌంటర్ ముందుకెవరో వచ్చి నిలబడ్డారు. ఆగమన్నట్టు చెయ్యెత్తాడు ఖలందర్. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"అన్నా, సాలా?"

"ఇంగొంచేపు పెట్టు నాయనా."