నల్లగుండు మీద నా సుత్తి దెబ్బ

తొంభైల నడిమి కాలంలో ఒక ఏప్రిల్ నెలలో నన్ను చిత్తూరు జిల్లాకు బదిలీ చేశారు. భూగర్భ జలాల సర్వేలో సహాయ భూగర్భ శాస్త్రవేత్త హోదా. హోదా పొడుగే గాని పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చూసి, అక్కడ గుర్తు రాయి పాతి, ఫారం మీద సంతకం పెట్టడం. దీన్ని మేము పాయింటు పెట్టడం అనేవాళ్లం. నీళ్లు పడితే రైతు అదృష్టం, పడకపోతే మా చదువు దండగ.

చేరిన మూడో వారంలో పూతలపట్టు దగ్గరి ఒక పల్లెకు వెళ్లమన్నారు. రైతు పేరు మునిరత్నం. మూడెకరాల్లో తోతాపురి మామిడి అంట్లు నాటి రెండేళ్లయింది. అప్పటికే మూడు బోర్లు వేయించాడు, మూడింటిలోనూ చుక్క లేదు. అతనూ భార్య లక్ష్మమ్మా ఎద్దులబండి మీద డ్రమ్ముతో మైలు దూరం నుంచి నీళ్లు తెచ్చి, చెట్టుకో బిందె చొప్పున పోస్తున్నారు. ప్రభుత్వ పథకం కింద ఇంకొక్క బోరు మంజూరైంది. బోరు బండి సోమవారం వస్తుంది. ఆలోగా నేను పాయింటు పెట్టకపోతే బండి పక్క ఊరికి పోతుంది. పెట్టిన పాయింటు తప్పితే తోట పోతుంది. నేను వెళ్లింది శుక్రవారం.

మా ఆయుధం రెసిస్టివిటీ మీటరు అనే పెట్టె. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తాం. తడి పట్టి మెత్తబడ్డ రాయి కరెంటును సులువుగా పోనిస్తుంది. గట్టి రాయి మొండికేస్తుంది. మునిరత్నం పల్లపు చేలో ఎక్కడ కడ్డీలు పాతినా మొండితనమే కనిపించింది. మూడు బోర్లూ ఇక్కడే ఎందుకు వేయించావని అడిగితే, నీరు పల్లమెరుగు నిజము దేవుడెరుగు అన్నారు కదా సార్ అన్నాడు. మిట్ట మీద వెతకాలని నాకూ తోచలేదు.

శనివారం సాయంత్రం బస్సు కోసం ఊరి వీధిలో నిలబడి ఉండగా ఒక రాయి కంటబడింది. ఆ చుట్టుపక్కల ఉన్నదంతా బూడిద రంగు గ్రానైటు. కరిగిన రాతి ద్రవం భూమి లోతుల్లో తాపీగా చల్లారితే పుట్టే రాయి అది. తాపీగా చల్లారింది కాబట్టి అందులో పలుగురాయి, ఫెల్స్‌పార్, అభ్రకం పలుకులు కంటికి ఆనేంత పెద్దవిగా ఉంటాయి. వీధిలోది మాత్రం గుండ్రంగా, తుప్పు రంగులో, ఎన్నో చేతులు తగిలినట్టు నున్నగా ఉంది. అది ఈ ఊరి రాయి కాదనిపించింది.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. ఎండకూ వానకూ మాగిన రాయి పైచర్మాన్ని మేము నమ్మం. కొట్టి లోపలి ముఖం చూస్తేగాని పేరు పెట్టం. సంచిలోంచి సుత్తి తీసి ఒక్కటి వేశాను. అరచేతి మందం పెచ్చు ఊడింది. లోపల కారునలుపు, సన్నటి పలుకులు. డోలరైటు అనే రాయి. భూతద్దం పెట్టి చూసుకొని మురిసిపోతూ తల ఎత్తితే చుట్టూ పదిమంది ఉన్నారు. ఎవరి ముఖంలోనూ మురిపెం లేదు.

అది ఊరి ఎత్తుడు గుండు. ఉగాది నాడు కుర్రకారు దాన్ని నేల మీంచి భుజం మీదికి ఎత్తాలి. నలభై ఏళ్లుగా ఎత్తగలిగినవాడు లేడు. ఆఖరున ఎత్తిన మనిషి మునిరత్నం వాళ్ల నాయన గురవయ్య. ఆయనే కర్ర ఊతంతో నా ముందుకొచ్చాడు.

“ఏమబ్బా, సదువుకున్నోడివి, అడిగి కొట్టకూడదా? రేపెవుడన్నా దీన్ని ఎత్తినాడంటే, ఆఫీసరు తేలిక సేసిన గుండును ఎత్తినాడంటారు. నేనెత్తినప్పుడు ఇది పూరాగా ఉండె.”

నాకు నిజంగా సిగ్గేసింది. రాయికి దెబ్బ తగిలిందనుకున్నానే గాని ఒక మనిషి రికార్డుకు తగులుతుందని ఎలా ఊహిస్తాను? మునిరత్నం పాపం తండ్రి వైపూ, పాయింటుకు సంతకం పెట్టాల్సిన నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి ఊరే ఒక తీర్పు చెప్పింది. పెచ్చును అంగడి తక్కెడలో తూచి, ఫలానా తేదీన గుండు ఇంత తగ్గిందని, తగ్గించింది నేనేనని కాగితం రాసి సంతకం పెట్టాలి. పెచ్చు ఊళ్లోనే ఉండాలి. ఇకమీద గుండు ఎత్తేవాడు ఆ పెచ్చును పంచెలో కట్టుకొని ఎత్తాలి. నా ఉద్యోగ జీవితంలో అంత శ్రద్ధగా రాసిన నివేదిక మరొకటి లేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక గురవయ్య కొంచెం మెత్తబడి, లోపల ఏం చూసినావని అడిగాడు. చెప్పాను. ఈ నల్లరాయిలో ఇనుము పాలు ఎక్కువ, అదే సైజు గ్రానైటు గుండు కన్నా ఇది బాగా బరువు, కంటితో అంచనా కట్టినవాడు మోసపోతాడు అన్నాను. ముసలాయన ముఖం వెలిగిపోయింది. పక్క ఊరి వస్తాదులు అందుకే పరువు పోగొట్టుకున్నారని అక్కడున్న అందరికీ చెప్పాడు. నాకు మజ్జిగ తెప్పించాడు. అప్పుడడిగాను, ఇంతకీ ఈ గుండు ఎక్కడిదని.

“యాడిదో ఎందుకైతాది? మా మిట్టచేన్లోదే. మా నాయన మడక దున్నతా ఉంటే తగిలినాది. ఆడ ఇట్లాంటివి ఇంకా చానా ఉండాయి. గెనుం కిందేసి పూడ్చేసినాము.”

మజ్జిగ చెంబు కింద పెట్టేశాను. గ్రానైటు గట్టిపడిన చాలా కాలానికి, దానిలోని పగుళ్ల గుండా కింది నుంచి మళ్లీ రాతి ద్రవం ఎగదన్నుకొని వస్తుంది. ఇరుకు పగుల్లో త్వరగా చల్లారి, సన్న పలుకుల నల్లరాయిగా నేలలో గోడలా నిలబడిపోతుంది. మేము దాన్ని డైక్ అంటాం. దాని సందుల్లో నీరు దిగి, మూలలను రెండు మూడు వైపుల నుంచి తినేసి, ఉల్లిపొరల్లా ఊడదీస్తే మిగిలేవి ఇలాంటి గుండ్లే. అంటే గెనుం అని వాళ్లనే ఆ మిట్టచేని గట్టు కింద నల్లరాతి గోడ ఉంది. కొండవాలు నుంచి భూమిలో దిగివచ్చే నీళ్లను అది ఎగువనే ఆపేస్తోంది. మూడు బోర్లూ గోడకు దిగువన పడ్డాయి.

ఆదివారం గెనుంకు అడ్డంగా తీగలు పరిచాం. గెనుం మీద మీటరులో అంకె ఒక్కసారిగా పైకి లేచింది. దాటి ఎగువకు వెళ్లగానే దిగిపోయింది. గోడకు ఎగువన ముప్పై అడుగుల దూరంలో పాయింటు పెట్టాను. మిట్టన నీళ్లేంటి సార్ అని మునిరత్నం రెండుసార్లు అడిగాడు. లక్ష్మమ్మ మాత్రం, పల్లంలో మూడుసార్లు సూసినాము కదా, ఈసారి ఆయన చెప్పిన తావున సూద్దాం అంది.

సోమవారం బండి మొదలెట్టింది. బోరు గొట్టంలోంచి ఎగిరే పొడి రంగు చూస్తూ నిలబడ్డాను. నల్లపొడి వస్తే గోడలోనే దిగబడ్డట్టు లెక్క. తెల్లటి బూడిదపొడి వచ్చింది, గ్రానైటే. వంద అడుగులు దాటినా పొడి పొడిగానే ఉంది. మునిరత్నం చూడలేక ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు. నూట అరవై అడుగుల దగ్గర పొడి గోధుమ రంగుకు తిరిగి ముద్దలు ముద్దలుగా పడసాగింది. ఆ తర్వాత నీళ్లు ఎగజిమ్మి డ్రైవరునూ నన్నూ నా ఫారాలనూ తడిపేశాయి. నేను అంత గట్టిగా నవ్విన సందర్భాలు తక్కువ. లక్ష్మమ్మ ఆ బురదనీళ్లే బిందెకు పట్టి, దగ్గరి మామిడి చెట్టుకు పోసి వచ్చింది.

ఈ పద్ధతి మంత్రమేమీ కాదు. మరుసటి ఏడాది చంద్రగిరి వైపు ఒక ఊళ్లో ఇలాంటి గోడకు ఎగువనే పాయింటు పెడితే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ గోడకు పగుళ్లున్నాయి, నీళ్లు ఎప్పుడో జారిపోయాయి. మునిరత్నం పల్లెలో నేను నేర్చుకున్నది వేరు. రాయి ఎలా పుట్టిందో నా చదువు చెప్పగలదు, ఏ చేలోంచి వచ్చిందో చెప్పలేదు. రెండు రోజులు మీటరు తిప్పాను గాని, ఆ చేను ఎరిగిన ముసలాయనను ఒక్క మాట అడగలేదు. అడగకుండా కొట్టాను కాబట్టి తిట్టాడు, తిట్టాడు కాబట్టి మాట కలిసింది. ఆ దెబ్బే వేయకపోయి ఉంటే ఆదివారం నేను పల్లపు చేలోనే నాలుగో బోరుకు సంతకం పెట్టేసేవాణ్ణి.