సగం డ్యూటీ, నిండు భయం

గల్ఫ్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు పనంటే భయం ఉండేది కాదు, పని లేకపోవడమంటేనే భయం. ఒమాన్‌లోని బౌషర్‌లో మేం కడుతున్న భవనం మధ్యలో ఆగిపోయి, కంపెనీ మా డ్యూటీని సగానికి తగ్గించినప్పుడు ఆ భయం నాతోపాటే నిద్ర లేచి, నాతోపాటే పళ్లు తోముకునేది. మధ్యాహ్నానికే రూమ్‌కు వచ్చి మంచం మీద కూర్చుంటే, ముందుగా విమానం ఎక్కించేది నన్నేననిపించేది. (మూడు పూటలా తింటూ కూడా చిక్కిపోవచ్చని అప్పుడే తెలిసింది.)

మా రూమ్‌లో జగిత్యాల అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకు తెలియని కబురు లేదు. ఏదైనా సగమే తెలియడం ఒక్కటే లోపం. "తమ్మీ, డ్యూటీ తగ్గినోళ్లకు ఈడ సర్కారే ఇంత ఇస్తదంట. పోయి అడుగు," అన్నాడు. నువ్వూ రమ్మంటే, "ఇద్దరం పోతే లొల్లికి వచ్చిన్రనుకుంటరు. ముందుగాల నువ్వు పో. నిన్నేమనకుంటే నేనొస్త," అన్నాడు.

మరునాడు డ్యూటీ దిగి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, కంపెనీవాళ్లు గుర్తుపడతారేమోనని ముక్కుకు మాస్కు తగిలించుకుని ఆ సాయం ఇచ్చే సర్కారు ఆఫీసుకు వెళ్లాను. టోకెన్ తీసుకుని ఖాళీ కుర్చీలో కూలబడి పక్కకు చూద్దును కదా, టోపీని కనుబొమ్మల దాకా లాక్కుని కూర్చున్న పెద్దమనిషి మా ముదీర్, అంటే మా సైట్ మేనేజరు. సైట్‌లో ఆయన నీడ పడితే మేం మాటలు మింగేసేవాళ్లం. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. లేచి పారిపోబోయాను.

ఆయనే నా వైపు వంగి, హిందీలో గుసగుసగా అడిగాడు: "తుమ్‌కో కంపెనీ భేజా?" కంపెనీ తన మీద నిఘాకు నన్ను పంపిందని ఆయన భయం. ఒమాన్ వాడైనా, మేనేజరైనా, ఆయన డ్యూటీ కూడా సగమే అయిందట.

"నహీ సాబ్. మేరా భీ ఆధా డ్యూటీ," అన్నాను, నాదీ సగం డ్యూటీయేనని.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఈ సాయం ఈ దేశం వాళ్లకేనని, నాలాంటి వాళ్లకు రాదని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత నేలకేసి చూస్తూ, "ఘర్ మే అభీ తక్ నహీ బోలా," అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదట. ఆయన నంబరు పిలిచారు. లేవలేదు. మళ్లీ పిలిచారు. "తుమ్ భీ ఆవో," అన్నాడు. ఏ హక్కూ లేని నేను, ఆయన వెనకాల బాడీగార్డులా నిలబడ్డాను. కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఉద్యోగం పూర్తిగా పోతే రమ్మని.

బయటికొచ్చి ఇద్దరం చాయ్ తాగాం. సగంలో ఆయనకు నవ్వొచ్చింది, దాంతో నాకూ వచ్చింది.

కొన్నాళ్లకు పని మళ్లీ మొదలైంది. మొదటి రోజే ముదీర్ అందరి ముందూ నన్ను కేకలేశాడు. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు. ఇప్పుడు ఇదే దేశంలో, ఇబ్రాలో ఫోర్‌మన్‌ని. ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, ఎదురైతే భయపడొద్దని మాత్రం చెప్పను, నవ్వుతాడు. ఫోన్ చేసి ఇంట్లో ఒక్కరికైనా సగం డ్యూటీ సంగతి చెప్పమంటాను. ముదీర్‌లాగే నేనూ అప్పుడు ఇంట్లో చెప్పలేదు మరి.