ముగ్గుపిండితో గీసిన అడవి

ఎండిన ఇప్పపూల వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఆ వాకిలి గుర్తొస్తుంది. ఖమ్మంలో మా వీధిలో ఎవరికీ ఆ వాసన పడదు. వాళ్ల ఖర్మ.

అప్పట్లో నేనొక పరిశోధన ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. భద్రాచలం దాటాక అడవి అంచున ఒక కోయగూడెం. అడవి చెడకుండా ఇప్పపూలు ఏరుకోవడం ఎలాగో ఊరివాళ్లతో కలిసి తెలుసుకోవాలి. ఆ "కలిసి" అన్న మాట మా కాగితాల నిండా ఉండేది. గూడెంలో మాత్రం నేను అడగడం, వాళ్లు "అవ్ మేడం" అనడం. ఏమడిగినా అదే జవాబు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు విసుగొచ్చి, "నేనేం చెప్పినా తలకాయ ఊపుడేనా?" అంటే, దానికీ "అవ్ మేడం" అన్నారు.

ఇక ప్రశ్నలు కట్టిపెట్టి, మీ అడవిని మీరే గీసి చూపించమన్నాను. నాకు అన్నం పెట్టే ఇంటి పెద్దమ్మ వాకిలి అలికి, ముగ్గుపిండి తెచ్చింది. ఆడవాళ్లంతా చేరారు. వాగు గీశారు, దారులు గీశారు. పూలు రాలే ముందు చెట్ల కింద ఆకులు కాలుస్తారు, నేల శుభ్రంగా ఉంటేనే పూలు ఏరడం తేలిక. అందుకని ఎవరి ఇప్పచెట్టు ఉన్నచోట వాళ్లు చిటికెడు బూడిద పోశారు. "నీ చెట్టు వాగుకు గిటు కాదే, గటు!" అని పోట్లాడుకున్నారు, పడీపడీ నవ్వారు. నేనున్న సంగతే మరిచిపోయారు. అంత హాయిగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

ఫొటో కోసం ఫోను తీసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"గిది ఎవలెవలు చూస్తరు బిడ్డా?" అంది పెద్దమ్మ. అంతవరకు ఆమెకూ నేను మేడమే.

"మా పెద్దసార్లు. తర్వాత ఆఫీసులోళ్లు."

"ఫారెస్టోళ్లు గూడనా?"

అడవిలో నిప్పు పెడితే కేసు. ఏ చెట్టు ఎవరిదో ఫారెస్టోళ్లకు తెలుసు, ఆ బూడిద గుర్తులు చూస్తే కేసు ఎవరి మీద పెట్టాలో వెతుక్కునే పనే ఉండదు. ఆ ఫొటో పంపకపోతే ప్రాజెక్టు ముందుకు సాగదు, నా ఉద్యోగమూ ఉండదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చూడరని చెప్పేద్దామనే అనిపించింది. ఆమె మొహం చూస్తే నోరు రాలేదు.

"అవ్ పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ లోపలికి పోయి చీపురు తెచ్చి నా చేతికిచ్చింది.

"గీసుడు మా వంతు అయింది. ఊడ్చుడు నీ వంతు. కలిసి చేద్దామంటివి గదా!"

ఊడ్చాను. ఆడవాళ్లు మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు, నాకు ఊడ్వడం రాదట.

ప్రాజెక్టు ఆగింది, ఉద్యోగం పోయింది. ఆ బాధ ఎప్పుడో తీరిపోయింది గాని, ఆ వాకిలి మీద బెంగ తీరలేదు. ఎండలు ముదిరాక పెద్దమ్మ ఎవరో ఒకరి చేత ఇప్పపూల మూట పంపిస్తుంది. మొన్న మూట అందగానే ఫోను చేసి, ఏ చెట్టు పూలని అడిగాను.

"నీకెందుకు మేడం!" అని పగలబడి నవ్వింది.