తలుపు బయటి స్విచ్

మిన్నీ బేలో మా ఆఫీసు కిటికీ కింద గడ్డి కోసే యంత్రం మొదలవగానే, పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన వాసన లోపలికి వస్తుంది. ఇక కుర్చీలో కూర్చోలేను. వరండాలో అటూ ఇటూ తిరుగుతాను. ఆ తిరుగుడు కళావతి మేడమ్ నుంచి అబ్బింది.

నేను బడికెళ్ళే రోజుల్లో వచ్చిన సునామీ ఈ దీవిలోని మా సిప్పీఘాట్ పొలాలను మింగేసింది. నేల కుంగిపోవడంతో ఉప్పునీరు అక్కడే నిలిచిపోయింది. మేం చౌల్దారీలో మేనత్త ఇంటికి చేరాం. అక్కడి బడిలో నేను తలుపు పక్కనే కూర్చునేదాన్ని. భూమి ఇంకా అప్పుడప్పుడూ కదిలేది. బల్ల కిర్రుమన్నా పరుగెత్తడానికి సిద్ధంగా ఉండేదాన్ని. సైన్సు చెప్పే కళావతి మేడమ్‌ది శ్రీకాకుళం. ఆవిడ పాఠం చెబుతూ గదంతా తిరిగేవారు, ఒక్కచోట నిలిచేవారు కాదు. కార్ నికోబార్‌లో ఉద్యోగం చేసే తమ్ముణ్ణి సముద్రం తీసుకుపోయిందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఒకరోజు నన్ను ఆపారు.

"ఏటే, గుమ్మానికి కాపలా కాస్తన్నావా? చేతులకి పని లేకపోతే భయం కాళ్ళలోకి దిగిపోద్ది. రా ఇలాగ."

ఆ పని ఒక చెక్క లారీ. మేం కూర్చునే బల్లంత పొడవు. దాని మీద చిన్న ఇంజను, ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే మోటారు, ఆ కరెంటుతో చక్రాలు తిరగాలి. ఉప్పునీళ్ళలో నానిన మా నాన్న గడ్డి కోసే యంత్రం నుంచి ఇంజను తీసి కిరోసిన్‌తో కడిగాం. పాత వ్యాను ఫ్యాన్ మోటారును దానికి రబ్బరు గొట్టంతో కలిపాం. గొట్టం తెగిపోయేది. మళ్ళీ కలిపేవాళ్ళం.

"ఇంజనుతోనే చక్రాలు తిప్పొచ్చు కదా, మేడమ్?"

"తిప్పొచ్చు. అప్పుడది ఉట్టి లారీయే. ఇలాగైతే చీకటిపడ్డ ఊరెళ్ళి దీపం కూడా ఎలిగిస్తాది."

చివరికి ఒకరోజు లారీకి తగిలించిన బల్బు వెలిగింది. నేను కేక వేశాను. అంతలోనే నేల ఊగింది. అందరూ మైదానంలోకి పరుగెత్తారు. నేనూ గుమ్మం దాటాను. లోపల ఇంజను తిరుగుతోంది, పక్కనే పెట్రోలు డబ్బా ఉంది. వెనక్కి వెళ్ళి స్విచ్ నొక్కి వచ్చాను.

మేడమ్ ఎదురొచ్చి చెంప మీద ఒక్కటి కొట్టారు. వెంటనే గుండెకు హత్తుకున్నారు.

"పాగల్! ఎందుకెళ్ళేవే లోపలికి? ఆడూ అంతే. బయటికొచ్చినోడు మళ్ళీ లోపలికెళ్ళేడు..."

తమ్ముడి గురించి ఆవిడ మాట్లాడటం, ఏడవటం అదే మొదటిసారి చూశాను. మైదానంలో అందరి ముందూ ఏడ్చారు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొడుగాటి వైరు తెచ్చారు. ఇంజను ఆపే స్విచ్‌ను గది బయటి గోడకు బిగించారు. నొక్కి చూపించి, "ఇంక ఎవరూ ఎనక్కి ఎళ్ళక్కర్లేదు" అన్నారు.

ఇప్పుడు నేను దీవుల్లో జనరేటర్లు పెట్టించే ఇంజనీరుని. "లోపల స్విచ్ ఉంది కదా దీదీ, బయట ఇంకోటి కాయ్‌కూ?" అని పనివాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళకు కళావతి మేడమ్ గురించి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను? "పెట్టు భయ్యా" అంటాను. బయట నిలబడి నొక్కి చూస్తాను. ఇంజను ఆగాకే పని పూర్తయినట్టు సంతకం పెడతాను.