ప్రార్థన వేళ ఊడిన ప్లగ్గు

దయ్యాల కథలు చెబితే నవ్వేదాన్ని. ఇప్పుడూ నవ్వుతాను. బడికి వెళ్ళకుండా మా అమ్మ దగ్గరే బైబిలు పెట్టుకుని అక్షరాలు దిద్దాను. దేవుడికి తప్ప దేనికీ భయపడొద్దని నేర్పింది. అయినా 1948 నాటి పోలీసు చర్య రోజుల్లో చిలకలగూడలో మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మావారు పని మీద బెజవాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. రైళ్ళు లేవు, కబురు లేదు. మాకున్న ఆధారమల్లా మామయ్యగారి రేడియో.

కరెంటు మాత్రం మా మాట వినేది కాదు. దీపం గుడ్డిగా వెలిగి, ఉన్నట్టుండి భగ్గుమనేది. ఆ దెబ్బకు రేడియోలో వాల్వులు కాలిపోతే, బయటి సరుకు రాని ఆ రోజుల్లో కొత్తవి దొరకవు. అందుకే దీపం మసకబారగానే ప్లగ్గు పీకేసేవాళ్ళం.

ఆ సాయంత్రం పెద్ద ప్రకటన ఉందని వీధంతా అనుకున్నారు. వినడానికి పక్కింటి యాదమ్మ వచ్చింది. ముందు కుటుంబ ప్రార్థన. వాల్వులు మళ్ళీ వేడెక్కాలంటే ఆలస్యమవుతుందని మామయ్యగారు రేడియో ఆపకుండా శబ్దం మాత్రం తగ్గించారు.

“గా డబ్బ కోసం సుత మొక్కుతరా పెద్దయ్యా?” అంది యాదమ్మ.

“ముందు దానికోసమే. అది బతికితేనే మావాడి సంగతి తెలిసేది.”

నవ్వుతూనే ఆమె మాతో కూర్చుంది. మా అలవాటు ప్రకారం ముగ్గురం చేతులు కలిపి పట్టుకుని కళ్ళు మూసుకున్నాం. తలుపు గడియ వేసే ఉంది.

ప్రార్థన మధ్యలో బల్బు ఢామ్మని పగిలింది. భయంతో చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాం. ఆమేన్ అన్నాకే వదిలాం. లాంతరు వెలిగించి చూస్తే ప్లగ్గు గోడకు లేదు. రేడియో మీద ఉంది, తీగ చక్కగా చుట్టి మరీ!

“మీ ఏసయ్యకు కరెంటు పని సుత వస్తదా?” అంది యాదమ్మ.

“నువ్వు పీకలేదు కదా?” అన్నారు మామయ్యగారు.

“నా రెండు చేతులు మీ ఇద్దరి కాడనే ఉండె గదా!”

ఎదురింటివాళ్ళ రేడియో ఆ దెబ్బకే కాలిపోయింది. వాళ్ళూ మా ఇంటికే పరుగెత్తుకొచ్చారు. వంటింట్లో ఆర్పి ఉంచిన బల్బు తెచ్చి బిగించి, అది నిలకడగా వెలుగుతోందని చూసుకుని ప్లగ్గు పెట్టాం. కాల్పులు ఆగాయని రేడియోలో చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు.

“నీ పెనిమిటొస్తడు బిడ్డా, ఏడుస్తవేందీ? జెర చాయ్ పెట్టు!” అంది యాదమ్మ.

రైళ్ళు నడవగానే ఆయన వచ్చారు. సంగతి విని మమ్మల్ని మళ్ళీ అలాగే కూర్చోబెట్టి, ఎవరి కాలైనా గోడకు అందుతుందేమోనని చూశారు. అందలేదు.

దేవుడే తీశాడని చెప్పాలని ఉంటుంది. కానీ చూడనిది చూశానని ఎలా అనగలను? తీసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, పొద్దున లేవగానే వారికో వందనం చెప్పుకుంటాను.